ఆరున్నొకటి, లాభం, ఆరున్నొకటి

జగ్గయ్యపేట బజారులో కనకయ్య పప్పుల కొట్టు ముందు నిలబడి బస్తాల లెక్క వింటే కొత్తవాళ్లకి నవ్వాగదు. ఆ కొట్లో ఒకటి అనే అంకె లేదు. "లాభం, రెండు, మూడు..." అంటూ మొదలవుతుంది. ఏడు అసలే లేదు. పొద్దున్నే కొట్టు తీసి ఏడుపు మాట ఎవరంటారు? కాటా దగ్గర బాలస్వామి "ఆరున్నొకటి" అని అరిచి ముందుకెళ్లిపోతాడు. పాతకాలం వ్యాపారులందరికీ ఉన్న పట్టింపే ఇది. కనకయ్యకి కాస్త ముదిరిందంతే.

ఆయన ఒక్కగానొక్క కూతురు కమలాకుమారి ఈ లెక్కలోనే పెరిగింది. బళ్లో చేరిన కొత్తలో ఏ క్లాసమ్మా అని అడిగితే "లాభం క్లాసు" అందట. రోజూ బస్సులో నందిగామ కాలేజీకి వెళ్లొచ్చి, 1983 నాటికి బీకాం పూర్తి చేసింది. ఇక హైదరాబాదులో ఎంబీయే చదువుతానంది. తల్లి సీతారావమ్మ ఆ మాటని "ఎంబీ" దాకానే విని, కూతురు డాక్టరవుతోందని వీధంతా చాటేసింది.

"వ్యాపారం నేర్చుకోడానికి హైదరాబాదు దాకా ఎందుకమ్మా? కొట్లో కూర్చుంటే రాదూ?" అన్నాడు కనకయ్య.

"మన కొట్లో నన్ను కూర్చోనిస్తారా నాన్నా?"

ఆడపిల్లని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టడం ఆ బజారులో లేదు. కనకయ్య బుర్ర గోక్కుని, "సరే, పరీక్ష రాయి. కానీ ఒక్కసారే. రాకపోతే మళ్లీ ఆ మాటెత్తకూడదు" అన్నాడు.

ఒక్కసారి అంటే మాటలు కాదు. మనవైపు వాళ్లకి అక్కడ ఇచ్చే సీట్లు తక్కువనీ, నూటికి తొంభై దాటి పదిలోపు ర్యాంకు తెచ్చుకుంటేనే ఆశ అనీ కాలేజీ లెక్చరరు ముందే చెప్పాడు. కమల వంటింటి తలుపు మీద సుద్దముక్కతో పెద్దగా "90" అని రాసుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, అన్నం ఉడికేలోపు గైడులో ఒక పేజీ లెక్కలు తేల్చెయ్యాలని పందెం వేసుకుంది. మొదట్లో రోజూ అన్నం మాడింది. కనకయ్య మాడన్నం తింటూ, "ఇవాళ ఎన్నొచ్చాయమ్మా?" అని మాత్రం అడిగేవాడు. ఇక ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుకో కొత్త మాట నేర్చుకుని ఇంట్లోవాళ్ల మీద వదిలేది. "అమ్మా, నువ్వు మేగ్నానిమస్" అని తల్లి పెద్ద మనసుని మెచ్చుకుంటే, తనని లావంటోందనుకుని సీతారావమ్మ ఒక పూటంతా అలిగింది.

హాల్ టికెట్టు వచ్చింది. నంబరు 717.

"రెండువైపులా అదేనేంటే తల్లీ!" అని సీతారావమ్మ గుండెలు బాదుకుంది.

"మధ్యలో లాభం ఉందిగా, ఊరుకో" అన్నాడు కనకయ్య.

పరీక్ష బాగానే రాసింది. కాకపోతే, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటోది సరైందని తోచినప్పుడల్లా అలవాటుకొద్దీ "లాభం" అని గొణిగింది. పక్కన కూర్చున్న అబ్బాయి అది విని, "నిజమేనండీ, ఏం లాభం" అని నీరసంగా కలం కింద పెట్టేశాడు. పాపం ఆ పిల్లాడి సీటు ఆమె వల్లే పోయిందేమో.

ఫలితాలు చూసిపెట్టమని, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న పక్కింటి వరప్రసాదరావుకి కనకయ్య కొట్లోంచి ట్రంకాల్ చేసి నంబరు చెప్పాడు. రెండోనాడు వరప్రసాదరావు దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"మొదటి పాతిక ర్యాంకులూ రాసుకొచ్చాను బాబాయిగారూ. మీరు చెప్పిన నంబరు లేదండీ."

కమల తడిగుడ్డ తెచ్చి వంటింటి తలుపు మీది తొంభైని తుడిచేసింది. ఒక్కసారే అని ఒప్పుకున్న పిల్ల, మాట తప్పే రకం కాదు. కనకయ్యకి మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు.

"అన్ని లెక్కలు చేశావు కదమ్మా, ఎలా పోయిందంటావు?" అన్నాడు పొద్దున్నే.

"నంబరు సరిగ్గానే చెప్పారా నాన్నా?"

"ఎందుకు చెప్పనూ? ఆరున్నొకటి, లాభం, ఆరున్నొకటి. రెండుసార్లు చెప్పా."

కమల ఒక్క క్షణం తండ్రి మొహంలోకి చూసి పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆయన చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కెళ్లింది.

మళ్లీ ట్రంకాల్ కలిసేసరికి బజారు కిటకిటలాడుతోంది. వరప్రసాదరావు తన కాగితంలో 6161 కోసం వెతికాడట. మధ్యలో లాభం అన్నది ముసలాయన ఆశీర్వాదం అనుకున్నాడట.

"ఆరున్నొకటంటే ఆరూ ఒకటీ కాదయ్యా!" అన్నాడు కనకయ్య.

"మరేంటండీ? సరిగ్గా వినపడట్లా!"

"ఇటివ్వండి నాన్నా, నేను చెప్తా" అని కమల చెయ్యి చాపింది. కనకయ్య ఇవ్వలేదు. గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి నిలబడి, తండ్రి నాటి నుంచీ ఆ కొట్లో ఎవరూ అనని మాట గొంతెత్తి అన్నాడు.

"ఏడు! ఏడు!"

"అయ్యో, ఏడవడం ఎందుకు బాబాయిగారూ! వచ్చే ఏడాది రాయొచ్చు!"

"ఏడవడం కాదయ్యా, అంకె! ఏడూ, ఒకటీ, ఏడూ!"

బాలస్వామి కాటా వదిలేసి నోరు తెరిచాడు. ఎదురు కొట్టువాళ్లు మెట్లు దిగొచ్చారు. ఫోనులో కాగితం గరగరలాడింది.

"ఉందండీ! ఉంది! ఏడో ర్యాంకు!"

"ఏడో ర్యాంకు!" అని కనకయ్య బజారంతా దద్దరిల్లేలా అరిచాడు. కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, అందరూ చూస్తుండగా గల్లాపెట్టె దగ్గర తన పరుపు మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లకల్లా ఆమె చేతే బెల్లం ముక్కలు పంచిపెట్టించాడు. ఆ పూట ఏడు అన్న మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

హైదరాబాదు బస్సెక్కే రోజు కనకయ్యే సామాను లెక్కపెట్టాడు. సీతారావమ్మ పచ్చళ్ల జాడీలతో అది పెళ్లివారి సామానంత అయింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..."

చివరి మూట దగ్గర ఆగాడు. కమల నవ్వుతూ చూసింది.

"ఏడు" అన్నాడు కనకయ్య. అన్నాడో లేదో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూశావా, అందుకే అనకూడదంటా" అని నవ్వుతూ కండువాతో మొహం తుడుచుకున్నాడు.