నడిమి పలకను నమ్మని తమ్ముడు

మా తమ్ముడు పోయిన మంగళవారం సూర్యాపేట దవాఖానలో జ్వరంతో కన్నుమూశాడు. కోదాడలో ఉన్న నాకు కబురు తెచ్చిన మనిషిని మళ్ళీ మళ్ళీ అడిగాను, నిజమేనా అని. ఒకరు చెప్పింది వెంటనే నమ్మకపోవడం మా ఇంట్లో వాడు నేర్పిన అలవాటే.

వాడు కృష్ణ మీద పడవ నడిపేవాడు. నది కొలవడానికి వచ్చిన దొర ఒకాయన మిర్యాలగూడకు దక్షిణాన ఏటి ఒడ్డున వదిలేసి పోయిన పాత తెరచాప పడవ అది. దాని అడుగున, నడుమ, సన్నని సందు. సందు చుట్టూ నీటిమట్టం కన్నా ఎత్తుగా చెక్కపెట్టె, పెట్టెలో టేకు పలక. పక్కగాలి కొట్టినప్పుడు ఆ పలకను నీళ్ళలోకి దించితే పడవ పక్కకు జారిపోదు. అడుగున బెజ్జమున్న పడవ మునగదా అని ఎక్కేవాళ్ళకు అనుమానం. వాడి అనుమానాలు వేరు.

ఎండాకాలం ఏరు తగ్గగానే పడవను ఒడ్డుకు లాగించి, ఇనుప చీల ఊడదీసి, పలకను నీడలో ఆరబెట్టేవాడు. ఎండలో పెడితే వంగుతుందట. అంచులు గీకి, గుగ్గిలం వేసి కాచిన వేపనూనె పట్టించి, వేలి కణుపుతో తట్టి చప్పుడు వినేవాడు.

"పెండ్లాన్ని గూడ గిట్లనే తట్టి సూసి తెచ్చుకున్నవారా?" అని మేనత్త ఎగతాళి చేసింది ఒకసారి.

"ఆమె బాధైతే చెప్తది అత్తా. కట్టె చెప్పదు."

ఆఖరున అంచు తడమమని నన్ను పిలిచేవాడు. "నా చెయ్యి నాకే అబద్ధం చెప్తది, అక్కా. నువ్వు సూడు."

అన్నిటికన్నా వాడికి భక్తుల మీద అనుమానం. పెట్టెలో ఏటి నీళ్ళు కనిపిస్తాయి కదా, ఆడవాళ్ళకు అది కృష్ణమ్మ గడపలా తోచేది. పూలు, కొబ్బరిచిప్పలు అందులోనే వేసేవారు. అవి ఇరుక్కుంటే పలక దిగదు. అందుకని ఎక్కేముందు అందరి కొంగుముడులూ విప్పించి చూసేవాడు. నా కొంగు మరీ.

నిరుటి వానకాలం, గడబిడ రోజులు. వేములపల్లిలో ఇండ్లు విడిచి ఏటి దాకా వచ్చాం. అవతలి ఒడ్డు నిజాం రాజ్యం కాదు, అక్కడికి చేరితే బతికినట్టే. నిజాం తుపాకుల వాళ్ళు వెనకనే వస్తున్నారని కబురు. ఆ తొందరలో కొంగులు విప్పించలేదు. పడవ నిండా ఆడవాళ్ళు, పిల్లలు. పక్కగాలి. వాడు పలక దించితే సగంలో ఆగింది. ఒడ్డుకు కట్టిన తాడు విప్పకుండా వెదురుబద్దతో సందు పొడుస్తూ కూర్చున్నాడు. గుసగుసలు మొదలయ్యాయి, కావాలనే ఆపుతున్నాడని, పట్టిస్తాడని.

"ఎవని కోసం సూస్తున్నవ్ రా?" మేనత్త సూటిగా అడిగింది.

వాడు తల ఎత్తలేదు. "పలక దిగకపోతే గాలి మనల్ని మళ్ళ ఈ ఒడ్డుకే తెచ్చి పడేస్తది."

కొబ్బరిచిప్ప ముక్క పైకొచ్చింది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. వాడు నా పిడికిలి వైపు చూశాడు. విప్పాను. కృష్ణమ్మకు వేద్దామని తెచ్చిన అక్షింతలు అలాగే ఉన్నాయి.

"గట్టిగ పట్టుకో అక్కా. అవతల దిగినంక ఏద్దువు."

పలక పూర్తిగా దిగిన అదురు మా పాదాలకు తెలిసింది. పడవ జారలేదు. అందరం దాటాం. ఆ తర్వాత మేనత్త వాడు అడగకుండానే కొంగు విప్పి చూపేది.

మొన్న అస్థికలు కలపడానికి అదే పడవ ఎక్కాం. నడపడానికి పక్క ఊరి మనిషి వచ్చాడు. పలక దించి చూపమన్నాను. దిగింది. దండం పెట్టుకుని పక్కకు చూస్తే, మేనత్త కొంగు విప్పి పట్టుకుని, ఎవరికి చూపాలో తెలియక, పెట్టె పక్కన అలాగే నిలబడి ఉంది.