నేను లేనప్పుడే నడిచిన సర్వర్

ముందుగా ఆ గదిలో ఏమేం ఉన్నాయో రాస్తాను. ఈ సంగతి విన్నవాళ్లంతా మొదట అడిగేది అదే. పాత క్యాబినెట్ ఒకటి. అందులో మా అన్న కంప్యూటర్ నుంచి తీసిన మదర్‌బోర్డు, ప్రాసెసర్. ర్యామ్ ముక్కలు రెండు. కొత్త పవర్ సప్లై. కొత్త హార్డ్ డిస్కులు రెండు. బల్ల మీద విడిగా, తువ్వాలులో చుట్టి పెట్టిన మా అన్న హార్డ్ డిస్క్. లావుపాటి మానిటర్, కీబోర్డు, యూపీఎస్. కింద బేతంచెర్ల బండలు. మనుషులు: అమ్మ, నాయన, వదిన, నేను. అప్పుడప్పుడు నా స్నేహితుడు మస్తాన్.

ఇంతకు మించి ఆ గదిలో ఎవరూ లేరు. ఉన్నారని నేను ఇప్పటికీ అనను. కడపలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఎవరో ఉరేసుకున్నారని అందరూ వద్దన్న హాస్టల్ గదిని నేనే అడిగి తీసుకున్నాను. ఒక్కడికే మొత్తం గది దొరుకుతుందని. రెండేళ్లు అందులో సుఖంగా నిద్రపోయాను. దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఆ మనిషే ఇది రాస్తున్నాడని గుర్తుంచుకుని చదవండి.

మా ఇల్లు కర్నూలులో. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉండేవాడు. నా చదువుకు ఫీజులు కట్టింది తనే. రెండు వేల ఏడు మొదట్లో, మోటార్ సైకిల్ మీద ఇంటికొస్తూ, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపిన లారీని గుద్దుకుని చనిపోయాడు. పెళ్లయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

అన్నకు కెమెరా పిచ్చి. ఇంట్లో ప్రతి చిన్న వేడుకా తీసి కంప్యూటర్‌లో దాచేవాడు. కానీ వాటిలో దేంట్లోనూ తను ఉండడు. ఎప్పుడూ కెమెరా వెనకే. కెమెరా కొన్న రోజున వదిన చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో నేర్పిస్తూ తీయించుకున్న వీడియో ఒక్కదాంట్లోనే తను కనిపిస్తాడు, మాట్లాడతాడు. ఆ రోజు నేను కడపలో పరీక్ష రాస్తున్నాను. తర్వాత ఎప్పుడో చూద్దాంలే అనుకున్నాను.

అన్న పోయాక వదిన అవసరానికి తప్ప నోరు తెరవలేదు. అన్నం పెట్టమంటే పెట్టేది, తినమంటే తినేది. రెండు నెలల తర్వాత ఒక రోజు తనంతట తానే నా దగ్గరికొచ్చింది.

“సీనా, ఆ మిషన్‌లో మీ అన్న మాట ఉండాది. ఒక్కసారి వినిపీ నాయనా.”

అన్న కంప్యూటర్ ఆన్ చేశాను. లోపలి నుంచి టిక్, టిక్ మని శబ్దం వచ్చింది. వెంటనే స్విచ్ తీసేశాను. హార్డ్ డిస్క్ చివరి దశలో ఉన్నప్పుడు వచ్చే శబ్దం అది. ఇంకా కొన్ని గంటలు పనిచేయొచ్చు, పనిచేయకపోవచ్చు. మంచి యంత్రానికి తగిలించి, మధ్యలో ఆగకుండా ఒకే ఊపులో కాపీ చేసుకోవాలి. రెండో అవకాశం ఉండదు.

అందుకే ఇంట్లో సర్వర్ కట్టాలనుకున్నాను. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఒక కంప్యూటర్. అందులో రెండు డిస్కులు, రెండింట్లోనూ ఒకే సమాచారం. ఒకటి చెడినా రెండోది నిలబడుతుంది. అన్నకు సంబంధించింది ఇంకేదీ మా చేతుల్లోంచి జారిపోకూడదని నా పట్టుదల.

మస్తాన్‌కు కర్నూలులోనే కంప్యూటర్ల దుకాణం ఉంది. సామాన్లు తనే ఇచ్చాడు, బిగించే రోజు తనూ వచ్చాడు. అంతా బిగించాక నేను చేతులు కట్టుకుని నిలబడి మళ్లీ ఒకసారి సరిచూస్తుంటే నవ్వాడు.

“ఏమప్పా ఇంజనీరూ, పెండ్లిచూపులకు వచ్చినట్ల జూస్తాండావు. నొక్కు!”

నొక్కాను. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది.

ఇలాంటప్పుడు చేయాల్సింది మాకు కాలేజీలోనే నేర్పారు. అన్నీ పీకేయాలి. బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ ముక్క మాత్రం ఉంచాలి. అప్పుడూ లేవకపోతే ఒక్కొక్కటే మార్చాలి. ఒకసారికి ఒకే వస్తువు. రెండు మారిస్తే తప్పు దేనిదో తెలియదు.

ర్యామ్ మార్చాను. పవర్ సప్లై మార్చాను. బోర్డు వెనక భాగం క్యాబినెట్ రేకుకు తగులుతోందేమోనని బయటికి తీసి అట్టముక్క మీద పరిచి చూశాను. ప్రాసెసర్ తీసి, వేడి లాగడానికి పూసే పేస్టు తుడిచి మళ్లీ పెట్టాను. యూపీఎస్ వదిలేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. చివరికి మస్తాన్ వేరే బోర్డు, వేరే ప్రాసెసర్ ఇచ్చాడు. వారం తిరిగేసరికి మొదటిరోజు బిగించిన వస్తువుల్లో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. జబ్బు మాత్రం అలాగే ఉంది. నాలుగు చుట్లు, ఆగిపోవడం.

అన్నీ మారిపోయాక కూడా మిగిలిన ఆ జబ్బు దేన్ని పట్టుకుని ఉంది? ఆ ప్రశ్న నన్ను అన్నం తిననివ్వలేదు. తువ్వాలులోని డిస్కు వైపు చూడాలంటే భయమేసేది. వదిన మళ్లీ అడగలేదు. రోజూ గుమ్మం దగ్గరికొచ్చి, నా ముఖం చూసి, వెనక్కి వెళ్లిపోయేది. అడిగితేనే నయమనిపించేది.

యంత్రాన్ని ఆటోలో వేసి మస్తాన్ దుకాణంలో వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “దీనికేం రోగం లేదప్పా. పొద్దున్నించి గిర్రున తిరుగుతాండాది. వచ్చి తీసకపో.” వెళ్లాను. గడప దగ్గర చెప్పులు విడుస్తుండగా ఫ్యాను శబ్దం ఆగిపోయింది. మస్తాన్ తల గోక్కున్నాడు. కాకతాళీయం అనుకున్నాం ఇద్దరమూ.

ఇంటికి తెచ్చాక ఎర్తింగ్ మీద అనుమానం వచ్చింది. మా దిక్కు ఎండలకు నేల రాయిలా అవుతుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తింగ్ గుంత ఎండిపోతే కరెంటుకు భూమితో సంబంధం తెగుతుంది. మధ్యమధ్యలో నొక్కి చూస్తుండమని వదినకు చెప్పి, పెరట్లోకి వెళ్లి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోశాను. రెండో బిందె పోస్తుండగా లోపలి నుంచి వదిన కేక.

“సీనా! తెర వెలిగినాది!”

బిందె అక్కడే పడేసి పరుగెత్తాను. గదిలో కాలు పెట్టాను. తెర నల్లబడింది.

వదిన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. యంత్రం వైపు కాదు, నా వైపు చూసింది.

అప్పుడు ఒకసారికి ఒకటే మార్చాలన్న పద్ధతిని మనుషుల మీద పెట్టాను. ఎండ వేళ, అందరినీ కూర్చోబెట్టి. అమ్మ బయటికి వెళ్లింది, నేను నొక్కాను: లేవలేదు. నాయన బయటికి వెళ్లాడు: లేవలేదు. వదిన వెళ్లింది: లేవలేదు. నేను వెళ్లి వరండాలో నిలబడి తలుపు వేశాను, నాయన నొక్కాడు: లేచింది. గంటసేపు నడిచింది. తలుపు తీసి లోపలికొచ్చాను: ఆగింది. వరస మార్చి మళ్లీ చేశాం. నొక్కే చెయ్యి మార్చాం. ఫలితం మారలేదు.

పాడైన భాగం దొరికింది. అది నేను.

సైన్సులో దీనికి దారి లేకపోలేదు. పొడి గాలిలో ఒంటికి స్థిరవిద్యుత్తు పడుతుంది, అది చిప్పులను దెబ్బతీస్తుంది. కాబట్టి సెల్‌ఫోన్, వాచీ, బెల్టు అన్నీ తీసేశాను. స్నానం చేసి, నూలు లుంగీ కట్టి, తడి బండల మీద వట్టి కాళ్లతో, ఒక చేత్తో ఎర్తింగ్ తీగ పట్టుకుని వెళ్లాను. ఆగిపోయింది. నాయన నన్ను ఆ వేషంలో చూసి తల తిప్పుకున్నాడు. “ఇంట్లో వైరింగు ఒకసారి జూపిచ్చురా,” అన్నాడు, అంతే. అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. మస్తాన్ వాళ్లమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. రెండింటినీ పరీక్షల కిందే లెక్కగట్టి కాదనలేదు. తేడా రాలేదు.

ఇంకో దారి లేక, కాపీ చేసే పని వదినకు అప్పగించాను. తను పదో తరగతి వరకు తెలుగు మీడియం. వరండాలో కూర్చుని నేను చెబుతుంటే అన్న డిస్కుకు కేబుల్ తగిలించి నొక్కింది. ఆగిపోయింది. అన్న డిస్కు పెట్టాక వరండా కూడా దగ్గరైంది. గేటు దగ్గరికి వెళ్లాను, ఆగిపోయింది. ఇలా ఆగినప్పుడల్లా ఆ డిస్కు ప్రాణం కొంత పోతోందని నాకు తెలుసు. చివరికి వీధి మలుపులో పాల బూత్ దగ్గర నిలబడి ఫోన్ చేశాను. అక్కడ నుంచి నడిచింది.

“ఈడ ‘వై’ కొడతావా, ‘ఎన్’ కొడతావా అని అడుగుతాండాది. ఏది కొట్టాల?”

“వై కొట్టు వదినా.”

“కొట్నా. టిక్ టిక్ అంటాండాది సీనా. భయమేస్తాండాది.”

“అననీ. చెయ్యి తీసి కూర్చో.”

సాయంత్రం దాకా ఆ బూత్ నీడలోనే ఉన్నాను. బూత్ అతను “ఎవురి కోసమప్పా కాచుకోనుండావు?” అని రెండుసార్లు అడిగాడు. పొద్దు వాలుతుండగా వదిన చెప్పింది, అంతా వచ్చిందని. ఆ తర్వాత అన్న డిస్కు మళ్లీ తిరగలేదు. మస్తాన్ ఎంత ప్రయత్నించినా లేవలేదు.

వీడియో పెట్టమన్నాను, ఫోన్ కట్ చేయకుండా బల్ల మీద పెట్టమన్నాను. కుర్చీ జరిపిన చప్పుడు, అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించాయి. తర్వాత నా ఫోన్ ఆగిపోయింది. చార్జింగ్ నిండుగా ఉంది. ఇంటి దాకా నడిచి, కిటికీ కింద గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల మగ గొంతు గొణిగినట్టు వినిపించింది. అడుగు ముందుకేశాను, ఒక్క మాటైనా తెలుస్తుందని. మాట తెలిసేలోపే లోపల అంతా ఆగిపోయింది. అమ్మ ఏడుస్తూ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఇంగ పో నాయనా. ఇంగ కొంచెం దూరం పో. మీ వదినెను పూర్తిగా చూడనీ.”

పోయాను. మళ్లీ పాల బూత్ దగ్గరికి.

తర్వాత, నేను బయట ఉండగా ఆ వీడియోను మస్తాన్ చేత సీడీలోకి ఎక్కించి, అతని దుకాణానికి వెళ్లాను. వేరే కంప్యూటర్, వేరే కరెంటు, వేరే వీధి. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మొదలైంది. కింద బండలు కనిపించాయి, కొత్తగా పరిచినవి. కెమెరా ఇంకా కిందికే చూస్తోంది. ఒక మగ పాదం, తెల్ల హవాయి చెప్పు. అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాం, మళ్లీ అక్కడే. మస్తాన్ ఎప్పుడూ ఏదో ఒక ఎగతాళి చేసే మనిషి. ఆ రోజు చేయలేదు. “నువ్వు పోయి టీ తాగి రాపో,” అన్నాడు మెల్లగా. నేను తిరిగొచ్చేసరికి మొత్తం చూసేశాడు. నా ముఖం చూడకుండా సీడీ కవర్‌లో పెట్టి ఇచ్చాడు.

వదిన ఇప్పుడు మాట్లాడుతోంది. దగ్గర్లో టైలరింగ్ పని చేస్తోంది. రోజూ కాసేపు ఆ వీడియో పెట్టుకుంటుంది. ఆ వేళకు నేను ఇంట్లో ఉండను. ఎవరూ పొమ్మనరు, నేనే చెప్పులు వేసుకుంటాను. ఇంకో ప్రయత్నం చేద్దామంటే వదిన ఒప్పుకోదు. ఉన్నది కూడా పోతే ఎట్ల అంటుంది. ఆమె భయంలో తప్పు లేదు.

నాకూ అన్నకూ గొడవలేమీ లేవు. ఎంత వెతుక్కున్నా ఒక్కటి కూడా గుర్తు రాదు. అందుకే దీన్ని అన్న పని అనడానికి నాకు మనసొప్పదు. “నిన్ను జూస్తే వాడు పోలేడేమోరా,” అంటుంది అమ్మ. ఆమెను ఓదార్చాల్సింది నేను, నన్ను ఆమె ఓదారుస్తోంది.

వీడియోలో ఏముందో ఇంట్లో ముగ్గురినీ అడిగాను. అన్న వదినను కసురుతాడట, “గట్టిగా పట్టుకో, శానా ఊపుతాండావు” అని. తర్వాత నవ్వుతాడట. ఇంతవరకు ముగ్గురూ ఒకటే చెప్పారు. అయితే మధ్యలో ఒకసారి అన్న గుమ్మం వైపు తిరిగి, “చిన్నోడు వచ్చినాడా?” అని అడుగుతాడని అమ్మ అంటుంది. ఆ మాటే లేదని వదిన అంటుంది. అందరికంటే ఎక్కువసార్లు చూసింది వదినే. నాయన మాత్రం గుర్తు లేదంటాడు, కళ్లు దించుకుంటాడు. మస్తాన్‌ను అడిగితే దుకాణంలో పనుందంటూ మాట మార్చేస్తాడు.

ఎవరి మాట నిజమో తేల్చడానికి ఉన్నది ఆ ఫైలు ఒక్కటే. దాన్ని తెరిచి చూడాల్సింది నేను.

రెండేళ్లయింది. సర్వర్ ఇప్పటికీ ఆ గదిలోనే నడుస్తోంది, నేను లేని గంటల్లో. వీడియో నిడివి పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. నేను చూసింది నాలుగు సెకన్లు.