నీళ్ళు కావడానికి ఆరుగురు

గురువారం ఉదయం ప్రార్థన ముగిసే వేళకు ఆర్.కె.పేట నుంచి వార్త వచ్చింది. మా రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు మునిరత్నం గారు అక్కడ తమ ఇంట్లో గుండె ఆగి పరమపదించారని. ఆ దిగ్భ్రాంతిలో నేను చేసిన మొదటి పని, నిజమేనా అని కనుక్కోవడానికి ఆయన నంబరుకే ఫోను చెయ్యడం. ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళ స్నేహంలో నా ఫోను ఎత్తకపోవడం అదే ప్రథమం.

తమిళనాడులో తిరుత్తణి దాపున మా బడిలో తెలుగు మాధ్యమం పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పగలిగినవారు ఆయన ఒక్కరే. నేను తెలుగు పండితుణ్ణి. నా బాధ్యత పద్యాల వరకే.

సమీకరణాలను తుల్యం చెయ్యడం ఆయన నల్లబల్ల మీద మొదలుపెట్టేవారు కాదు. పిల్లల్నే పరమాణువులుగా నిలబెట్టేవారు. హైడ్రోజన్లు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకోవాలి, ఆక్సిజన్లూ అంతే. చప్పట్లు కొట్టగానే విడిపోయి, ఒక్కో ఆక్సిజన్ దగ్గర ఇద్దరు హైడ్రోజన్లు చేరితే అది నీళ్ళు. హైడ్రోజన్ జంట ఒక్కటే ఉంటే ఒక ఆక్సిజన్ ఒంటరిగా మిగిలిపోతాడు. విందుకు వచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టడం మా వైపు అలవాటు లేదు గనక, పిల్లలు వాణ్ణీ గుంపులోకి లాక్కునేవాళ్ళు.

"ఒరే, వాణ్ణి గూడా ఇరికిస్తే అది నీళ్ళు గాదురా, పుండు కడిగే మందు! తాగతావా?"

"తాగను సార్."

"అయితే పోయి ఇంకో జంట హైడ్రోజన్ని పిలుచుకోని రా. వచ్చినోళ్ళు ఎంతమందో పొయ్యేటోళ్ళూ అంతమందే ఉండల్ల. ఒకడు తగ్గినా నేను ఒప్పుకోను."

ఆయన ఒప్పుకోకపోయినా పిల్లలు తగ్గారు. నలుగురు హైడ్రోజన్లు, ఇద్దరు ఆక్సిజన్లు, వెరసి నీళ్ళకు ఆరుగురు కావాలి. ఈ ఏడు పదో తరగతి తెలుగు విభాగంలో మిగిలింది ఐదుగురు. ఆరో పరమాణువుగా ఆయనే నిలబడ్డారు. "ఆక్సిజన్‌కు మోకాళ్ళ నొప్పి, మెల్లగా లాగండి" అని మాత్రం మనవి చేసుకున్నారు.

ఏటా వేసవిలో పొదటూరుపేట వైపు ఊళ్ళల్లో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని తెలుగు విభాగంలో చేర్చమని అడిగేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఒక తల్లి, "యాడికి పోయినా తమిళమే గదా సార్, తెలుగులో చదివి మా పాప ఏం జేస్తాది?" అంది. అనర్గళంగా వాదిస్తారని ఎదురుచూశాను. ఆయన మాత్రం, "నువ్వు జెప్పేదీ న్యాయంగానే ఉండాదమ్మా" అన్నారు.

బయటికొచ్చాక, "ఏమన్నా, ఇట్లయితే ఎవురొస్తారు?" అన్నాను.

"అబద్ధం చెప్పి తెచ్చుకుంటే, రేపు ఏ మొగం పెట్టుకోని ఆ బిడ్డకు పాఠం చెప్పేది సామీ?"

సత్యసంధత మహాగుణమే. అడ్మిషన్లకు మాత్రం అంత అనుకూలం కాదు.

ఆయన పోయిన మర్నాడు ప్రధానోపాధ్యాయులు ఆ ఐదుగురి దగ్గరికి నన్ను పంపారు. పుస్తకం చూసి ఒక సమీకరణం రాశాను. రెండు వైపులా లెక్క కుదరక, అక్షరం కింద ఉన్న చిన్న అంకెను కాస్త సర్దాను. సుమతి అనే పిల్ల లేచి, "సార్, అది మారిస్తే వస్తువే మారిపోతాది. ముందరుండే అంకెనే మార్చల్ల" అంది. చావింట్లో మాట్లాడినంత మెల్లగా అంది.

సోమవారం ఐదుగురినీ తమిళ విభాగంలో కలిపారు. వాళ్ళకు తమిళం నాకంటే బాగా వచ్చు. నష్టపోయారని గట్టిగా చెప్పలేను. నా దుఃఖానికి ఆ పాటి ఆధారమూ లేదు.

ఇటువంటి సంస్మరణ వ్యాసాల చివర, ఆ మహనీయుని స్థానాన్ని భర్తీ చెయ్యడం ఎవరి తరమూ కాదని రాయడం ఆచారం. నాకంటే ముందే పై ఆఫీసువాళ్ళు ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపారు: విద్యార్థులు లేనందున ఆ ఉద్యోగాన్నే ఎత్తేశారు. ఇక ఆ గురువర్యునికి సాష్టాంగ ప్రణామం తప్ప ఈ బడి సమర్పించగలిగింది ఏదీ లేదు.