రొట్టెలాయన ఏ పక్షం?

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా జగిత్యాలలో మా కాలేజీ చర్చాపోటీ పెట్టింది. విదేశీ సైన్యం ఆక్రమించుకున్న దేశంలో జనం ఆయుధాలు పట్టడం న్యాయమేనా అన్నది విషయం. చీటీ తీస్తే నాకు ‘న్యాయమే’ అని వచ్చింది. సులువైన పక్షం దొరికిందని సంబరపడ్డాను.

ఆ ఆదివారం సిరిసిల్లలో మా ఇంట్లో నా ప్రసంగం చదివి వినిపించాను. బాపు, అంటే మా నాన్న, మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ చప్పుడులో అరిచి అరిచి అలవాటై, ఇంట్లో ఉప్పు అడిగినా వాడకట్టంతా వినిపించేది. కోరుట్ల నుంచి మేనమామ కూడా వచ్చి ఉన్నాడు. కువైట్‌లో పని అని చెప్పి తీసుకుపోయి, ఇరాక్‌లో విదేశీ సైనికుల క్యాంపులో దింపితే, రెండేళ్లు అక్కడ బట్టలుతికి వచ్చిన మనిషి.

“మంచిగ రాసినవ్ బిడ్డా! ఇంట్ల జొరవడ్డోన్ని ఎల్లగొట్టక, కూసోవెట్టి చాయ్ పోస్తరా?” అన్నాడు బాపు.

మామ నవ్వలేదు. “నేను గా జొరవడ్డోల్ల బట్టలే పిండిన బావా. మరి నన్నేం జెయ్యాలె?”

“నువ్వు బతకవోయినవ్. నీ ముచ్చట వేరు.”

“గట్ల బతకవోయినాయిన ఇంకొకలుండె” అని మామ చెప్పడం మొదలుపెట్టాడు.

రోజూ పొద్దున క్యాంపుకు రొట్టెలు తెచ్చే ఆ ఊరి మనిషి. మామకు వాళ్ల భాషలో నీళ్లు, ఉప్పు, అన్న అనే మాటలు నేర్పాడు. జేబులో ఖర్జూరాలు పోసేవాడు. ఒకరోజు సైనికులు ఆయన ఇంటి తలుపు పగలగొట్టి తమ్ముణ్ని పట్టుకుపోయారు. మర్నాడూ రొట్టెలు తెచ్చాడు. ఇంట్లో పిల్లలున్నారు మరి.

“తుపాకి పట్టినోల్లది తప్పని ఆయిన ఏనాడు అనలె. తమ్ముడు రాకుంటే నేను గూడ పడ్తనన్నడు. గా వారంలనే గా తుపాకి పట్టినోల్లే బయటినుంచి క్యాంపు మీద బాంబులేసిండ్రు. సిపాయిలు ఒక్కడు సావలె. రొట్టెల బండి కాడ ఆయిన సచ్చిపోయిండు. ముసలి తండ్రి అచ్చి నా మొకం సూసిండు. నాకచ్చిన మాటలు నీల్లు, ఉప్పు. ఏం జెప్త బావా?”

బాపు గొంతు పెంచాడు. “అయితే తమ్మున్ని తీస్కవోతుంటె ఊకోవాల్నా?”

“ఊకొమ్మంటలేను. ఎవని మీద వడ్తదో సూడకుండ ఏసుడేందంటున్న.”

ఎవరూ తగ్గలేదు. అమ్మ కంచాలు తెచ్చి మధ్యలో పెట్టింది. “ముందుగాల తినుండ్రి. దేశాన్ని తర్వాత ఇడిపిద్దురు.”

నేను రెండు పేజీలు చించేసి మళ్లీ రాశాను. పోటీ రోజు బాపు పనికి పోకుండా వచ్చి, మామతో కలిసి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆక్రమించిన సైన్యం మీద తిరగబడే హక్కు జనానికి ఉందన్నాను. రొట్టెలాయన ప్రాణం తీసే హక్కు అందులో లేదని, ఆయన పిల్లలకు తుపాకి పట్టినవాళ్లు కూడా జవాబు చెప్పాలని అన్నాను.

“ఇంతకీ నువ్వు ఏ పక్షం, అమ్మాయీ?” అని న్యాయనిర్ణేత అడిగాడు.

“న్యాయమే అనే పక్షం సార్” అన్నాను. బహుమతి రాలేదు. బాపు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

బస్టాండులో కోరుట్ల బస్సు వచ్చింది. మామ ఎక్కబోతుంటే బాపు చెయ్యి పట్టుకుని ఆపి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు. “గా రొట్టెలాయిన పేరేంది బామ్మర్ది?”

మామ చెప్పాడు. బాపుకు నోరు తిరగలేదు. మూడుసార్లు తప్పు పలికాడు, మూడుసార్లూ మామ ఓపిగ్గా సరిచేశాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ముగ్గురం అక్కడే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగాం.

వాళ్లిద్దరి వాదన నేటికీ తేలలేదు. ఎక్కడ ఏ దేశంలోకి సైన్యం దిగినట్టు టీవీలో చూసినా బాపు మామకు ఫోన్ చేయమంటాడు. స్పీకర్ పెట్టి మధ్యలో కూర్చుంటాను. ఇప్పటికీ ఎవరిది గెలుపో చెప్పమని ఇద్దరూ నన్నే అడుగుతారు.