మేనమామ ఒడి

మొన్న ఆదివారం మా వీధిలో వాళ్ళు మనవడికి పుట్టు వెంట్రుకలు తీస్తూ ఫంక్షన్ హాల్లో భోజనాలు పెడితే, ప్రొద్దుటూరు ఎండలో చెమటలు కక్కుకుంటూ పోయాను. పోకపోతే మాట వస్తుందని పోయానే గాని ఈ మోకాళ్ళతో నాకు గడప దాటబుద్ధి కాదు. తీరా అక్కడ ఫోటోలు తీసే అబ్బాయి మేనమామ చేత మళ్ళీ మళ్ళీ కత్తెర పట్టిస్తున్నాడు, వెలుతురు చాలలేదని ఒకసారి, పిల్లాడు కెమెరా వైపు చూడలేదని ఇంకోసారి. ఒళ్ళో ఉన్న పిల్లాడికి ఇవేమీ పట్టలేదు, మేనమామ మీసం పట్టుకుని లాగుతూ కిలకిలా నవ్వుతున్నాడు. అది చూసేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్కనున్నామె మోకాళ్ళ నొప్పేమో అనుకుని, పాపం, కుర్చీ తెచ్చి వేసింది. నేనూ అవుననే అన్నాను, భోజనాల గోలలో ఆ కథంతా ఎక్కడ చెప్పేది!

నా ఈడు వాళ్ళు, పరాయి దేశంలో పిల్లల్ని పెంచినవాళ్ళు మీలో ఉంటే మీకు చెప్పుకుంటాను. నా పుట్టినిల్లు తొండూరు పక్కన పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. మెట్టినిల్లు జమ్మలమడుగు. మా ఆయన ఒమాన్‌లో, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, చేపలకు మంచుగడ్డలు తయారుచేసే ఫ్యాక్టరీలో మెకానిక్. పెళ్ళయిన ఏడాదికి నన్నూ అక్కడికి తీసుకుపోయారు. పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు పెద్దగా ఎరగని దాన్ని, కిటికీ తీస్తే చాలు అన్ని నీళ్ళు కనిపిస్తుంటే మొదట్లో నాకు అన్నం సహించేది కాదు. మా పెద్దోడు అక్కడే పుట్టాడు, వాడికి మాత్రం ఆ సముద్రం పెరట్లో తొట్టి లెక్క.

మా అత్తగారింటి దేవుడు పులివెందుల అవతల గుట్ట మీద ఉంటాడు. పిల్లాడికి బేసి ఏడు నడిచేటప్పుడు ఆ గుట్ట మీదికి తీసుకుపోయి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామ చేత మొదటి కత్తెర వేయించి, తర్వాత గుండు చేయించాలి. అంతవరకు ఆ వెంట్రుకలకు కత్తెర తగలకూడదు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. మేనల్లుడు పుట్టాడని తెలిసిన రోజే మందలోంచి ఒక పొట్టేలు పిల్లను వేరు చేసి, ఇది మా అల్లుడి వెంట్రుకలకని ఊరంతా చెప్పుకున్నాడట. వాడికి అప్పటికి పెళ్ళి కాలేదు, ఇంట్లో ఇంకో పసిబిడ్డ లేదు, వాడి ఆశంతా నా కొడుకు మీదే.

మొదటి ఏడు పోదామంటే మా ఆయన పని చేసేచోట యజమాని పాస్‌పోర్టు చేతికివ్వలేదు. మూడో ఏటికి నా కూతురు, మా చిన్నది, కడుపులో ఉంది, తల్లి కడుపుతో ఉంటే పెద్దపిల్లాడికి తీయకూడదని మా అత్త ఫోనులోనే కేకలేసింది. ఐదో ఏడు టికెట్ల దాకా వచ్చి, రెండో మెకానిక్ పని వదిలేసి పోవడంతో సెలవు రద్దయింది. నేను ఆ రోజు ఎవరి మీద పడి ఏడవాలో తెలియక వంటింట్లో గిన్నెల మీద పడ్డాను. మా పల్లెలో ఫోను ఒక్క అంగట్లోనే ఉండేది. తమ్ముడు అక్కడికి వచ్చి అందుకుని, "పొట్టేలు ముసిల్దైపోతాందక్కా, కొమ్ములు చూస్తే నాకే బయమైతాంది, ఈసారన్నా వస్తాండారా లేదా?" అని నవ్వుతూనే అడిగేవాడు. నేను మాట మార్చి గొర్రెలు ఎట్లున్నాయని అడిగేదాన్ని.

ఒమాన్‌లోనేమో పిల్లాడి జుట్టు నడుము దాటింది. రెండు జడలు వేస్తే ఎంత ముద్దుగా ఉండేవాడో! చుట్టుపక్కల అరబ్బు ఆడవాళ్ళు ఆడపిల్లే అనుకుని చేతికి గాజులు తొడిగి, ఖర్జూరాలు ఇచ్చి పంపేవాళ్ళు. ఒకరోజు వీడు వాళ్ళ గోడవారగా నిలబడి ఒంటికి పోస్తుంటే వాళ్ళు పెట్టిన కేకలకు వీధంతా బయటికొచ్చింది. బడిలో చేర్చేటప్పుడు మగపిల్లాడికి జడలేమిటని పంతులమ్మ ఒప్పుకోలేదు. మా ఆయన బతిమాలి బతిమాలి నెత్తిన ముడి వేసి గుడ్డ కట్టి పంపేట్టు మాట తెచ్చుకున్నారు. దాంతో వీణ్ణి సర్దార్జీ పిల్లాడనుకునేవాళ్ళు. నవ్వుకుంటున్నారు గానీ, వాడు రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చి కత్తెర ఎక్కడుందని వెతుకుతుంటే నేను దాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని తిరిగాను. ఇటు చూస్తే పిల్లాడు, అటు చూస్తే దేవుడు, మధ్యలో నా తమ్ముడు. నేను ఎవరికి చెప్పగలను?

ఆ ఊళ్ళో మాకు మనవాళ్ళంటే ఒక్కడే, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన టైలర్. తురకాయన. నాకన్నా రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు, నా పిల్లలు మామా మామా అని వాడి మిషను చుట్టే తిరిగేవాళ్ళు. వచ్చేటప్పటికి భార్య కడుపుతో ఉందట. ఊళ్ళో పుట్టిన ఆడబిడ్డను ఫోటోలో చూసుకోవడమే తప్ప ఎత్తుకున్నది లేదు, అతని యజమాని కూడా పాస్‌పోర్టు ఇవ్వని బాపతే. సాయంత్రాలు మా పెద్దోణ్ణి భుజాల మీద ఎక్కించుకుని సముద్రం దాకా పోయొచ్చేవాడు. వాణ్ణి దించేటప్పుడు ఎందుకో కాసేపు వదిలేవాడు కాదు.

ఆరో ఏడు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పెద్దోడు ఒడ్డున మిగతా పిల్లలతో ఇసుకలో పొర్లి ఇంటికొచ్చాడు. నూనె ఓడల నుంచి కొట్టుకొచ్చే తారు ముద్దలు ఆ ఒడ్డంతా ఉండేవి, అరికాళ్ళకు అంటుకుంటే కిరసనాయిలుతో రుద్దుకునేవాళ్ళం. వీడి జుట్టంతా ఆ తారే! జడ రోకలిబండలా గట్టిపడింది. కొబ్బరినూనె పోశాను, కిరసనాయిలు పట్టించాను, దువ్వెన పళ్ళు విరిగాయి. నెత్తి ఎర్రగా పొంగి వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పరుగున పోయి మా పల్లె అంగడికి ఫోను చేస్తే ఎంతకీ ఎవరూ ఎత్తలేదు. తిరిగొచ్చి పిల్లాడి పక్కన కూలబడి నేనూ ఏడుపు అందుకున్నాను.

కుట్టిన పావడా ఇవ్వడానికి వచ్చిన టైలర్ మా ఇద్దరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంగతి చెబితే అతనికి కోపమే వచ్చింది.

"ఏందక్కా ఇది! పిల్లోడు సస్తాంటే నువ్వు ఫోను కోసరం చూస్తాండావా? మాలో ఏడో దినమే తీసేస్తారు. మీరేమో పెండ్లికెదిగే దాకా పెంచుతాండారు."

"మేనమామ ఒళ్ళో తీయాలప్పా. మా తమ్ముడు ఆశ పెట్టుకోనుండాడు" అన్నాను.

"నేను మామను కాదా ఏంది? ఇట్ల ఇయ్యి."

అని పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన సంచిలో కత్తెర తీశాడు. గుడ్డ మీద అంత జోరుగా నడిపే కత్తెరను ఆ రోజు పాయ పాయకూ ఆపి ఆపి నడిపాడు. నా కూతురికి తీసేటప్పుడు నేను లేనక్కా, ఫోన్లో చెప్పినారు అన్నాడు. పిల్లాడు ఆ ఒళ్ళో ఏడుపు ఆపేసి, తల తేలికై, అట్లాగే నిద్రపోయాడు. తారుతో సహా ఆ జడను పాత చీర ముక్కలో మూట కట్టి దేవుడి పటం వెనక పెట్టుకున్నాను.

ఏడో ఏట సెలవు దొరికింది. బయల్దేరే ముందు టైలర్ తన బిడ్డకని ఒక గౌను కుట్టిచ్చాడు. కొలత తెలియదు గదా, మా చిన్నదాన్ని నిలబెట్టి దాని మీద కొలిచి, ఇంకొంచెం పొడుగు పెట్టాడు. ఊరికొచ్చాక తమ్ముడికి జరిగిందంతా చెప్పాను. పిల్లోడు సల్లగుండాడు గదా, అది శానక్కా అన్నాడు. ముసలి పొట్టేలును ఎప్పుడో అమ్మేసి ఇంకోదాన్ని పెంచుతున్నాడు. గుట్ట మీదికి పోయి మూట దేవుడికి సమర్పించి, పెరిగినంత జుట్టే ఇద్దామనుకున్నాం. గుడి దగ్గర గుండు చేసే ఆయన, మేనమామ ఎవరప్పా, వచ్చి కూచో అని కేకేశాడు. తమ్ముడు కొత్త పంచె సర్దుకుని, నలుగురి ముందు మఠం వేసుకుని కూర్చుని, రా అల్లుడా అని చేతులు చాపాడు. నా కొడుకు కదల్లేదు. చుట్టూ చూసి, మా మామ రాలేదు కదమ్మా అన్నాడు.

"నేనే గదరా మీ మామను" అని తమ్ముడు నవ్వాడు.

"నువ్వు కాదు" అన్నాడు వాడు.

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. బలవంతాన వాణ్ణి ఒళ్ళో కుదేస్తే, గుండు అయ్యేదాకా కట్టెలా బిగుసుకుని కూర్చున్నాడు. ఏడేళ్ళు ఎదురుచూసిన ఒడి గదా, దాని నుంచి లేచి వాడు నా వెనక దాక్కుంటుంటే నేను తమ్ముడి మొహంలోకి చూడలేకపోయాను. పిల్లాణ్ణి కొట్టనా? తమ్ముణ్ణి ఓదార్చనా?

మేనమామకని మేము పెట్టిన పంచె, చొక్కా గుడ్డ మడత విప్పకుండానే తమ్ముడు మర్నాడు నా దగ్గరికి తెచ్చాడు. "ఇవి నాకెందుకక్కా, ఆ టైలరప్ప ఇల్లు యాడుందో చూపీ, ఆడ ఇచ్చొద్దాం" అన్నాడు. టైలర్ కుట్టిచ్చిన గౌను కూడా తీసుకుని ఇద్దరం బస్సెక్కి ప్రొద్దుటూరులో సందులన్నీ అడుక్కుంటూ పోయాం. టైలర్ భార్య కొంగు సర్దుకుని లోపలికి రమ్మంది. ఒమాన్ నుంచి వచ్చామని నేను చెప్పీ చెప్పకముందే లోపలి నుంచి ఆ బిడ్డ పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను దాటి, గడపలో నిలబడ్డ నా తమ్ముడి పంచె పట్టుకుని తలెత్తి చూసింది. వాళ్ళలో నాన్నను అబ్బా అంటారు.

"మా అబ్బా నువ్వేనా?"

తమ్ముడు నా వైపు చూశాడు. వాడు కిందికి వంగి ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "నేను కాదమ్మా" అన్నాడు. బట్టలు అక్కడిచ్చి తిరిగొస్తుంటే, బస్సులో తొండూరు దాకా వాడు కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు.

మేము తిరిగి పోయేసరికి టైలర్ ఆ ఊరు వదిలి ఎటో పోయాడన్నారు. పిల్లల చదువులని మేమూ కొన్నాళ్ళకు వచ్చేశాం. ఇప్పుడు ఇదే ప్రొద్దుటూరులో ఉంటున్నా, ఆ సందులో ఇళ్ళన్నీ పడగొట్టి అంగళ్ళు కట్టారు, వాళ్ళెటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. ఈ కాలంలో ఎంత దూరాన ఉన్నా పొద్దున లేస్తే ఫోన్లో మొహాలు చూసుకుంటున్నారు, పసిబిడ్డకు కూడా తండ్రి ఎవరో, మేనమామ ఎవరో తెలుసు. మంచిదే, మాకు అది లేకపోయింది. గడపలో నిలబడిన మగమనిషినల్లా అడగాల్సిన అవసరం ఇప్పటి పిల్లలకు లేదు. అవునమ్మా, నేనే అని ఆ బిడ్డకు చెప్పడానికి వాళ్ళ నాన్న ఎప్పటికైనా వచ్చాడో లేదో, నాకు ఈనాటికీ తెలియదు.