గులాబీ రంగు ఎందుకు పోయింది?

నిరుడు డిసెంబరులో, తెనాలి దగ్గర నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో, మా హెచ్‌ఓడీ గారు నా కంప్యూటర్ మీదికి వంగి "ఈ తప్పుల తడకని తనిఖీకొచ్చే కమిటీకి ఎలా చూపిస్తామమ్మా?" అన్నారు. నాకు భయం వేసింది అప్పుడే.

ఆయన చూస్తున్నది రెండో ఏడాది బీఎస్సీ పిల్లల షేర్డ్ డాక్యుమెంట్. ఎవరి ఫోన్‌లోంచి వాళ్ళు ఒకే పేజీలో రాసుకోవచ్చు. నేను పెట్టిన నియమం ఒక్కటే: తప్పని తెలిసినా చెరపకూడదు, కింద సరిచేయాలి.

రేపల్లె నుంచి రైల్లో వచ్చే సునీత క్లాసులో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆ పేజీలో మాత్రం రాసింది: "టైట్రేషన్ అయ్యాక ఫ్లాస్కులో గులాబీ రంగు పోయింది. క్షారం తక్కువ పోసినట్టున్నాను." టైట్రేషన్ అంటే ద్రావణాన్ని చుక్క చుక్కగా కలుపుతూ రంగు మారిన చోట ఆపడం.

బాపట్ల కుర్రాడు రవి కింద ఎగతాళి చేశాడు: "నిన్ను చూసి భయపడిందేమో! ఫ్లాస్కు కడిగావా?"

"కడిగాను. రెండోసారీ పోయింది," అని సునీత వదల్లేదు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ద్రావణంలో కరిగి క్షారాన్ని తగ్గించడం వల్లనే రంగు పోయిందని చివరికి వాళ్ళే తేల్చుకున్నారు. ఆ వారం సునీత మొదటిసారి బోర్డు దగ్గరికొచ్చి మాట్లాడింది.

"కింద దిద్దుకున్నారు చూడండి సార్," అన్నాను హెచ్‌ఓడీ గారితో.

"కింద దాకా ఎవరు చదువుతారమ్మా? శుభ్రం చేసేయండి."

చేయనన్నాను. ఆయనే ప్రశ్నలూ ఊహలూ అన్నీ తీసేశారు. మిగిలింది రవి పేరుతో ఉన్న చివరి జవాబు. తనిఖీ రోజు కమిటీని మా క్లాసుకి తెచ్చి, దాన్ని తెర మీద చూపించి రవిని మెచ్చుకున్నారు. పేజీలో చేరినవాళ్ళ జాబితాలో పేరు చూసి, తను చెరిపిన సంగతే మరిచి, "సునీత ఎవరు? ఏమీ రాయలేదేంటమ్మా?" అని అందరి ముందూ అడిగారు.

"అసలు ప్రశ్న తనదేనండి," అన్నాను. ఆయన అప్పటికే కమిటీని ల్యాబ్ వైపు నడిపిస్తున్నారు.

పాత పేజీని వెనక్కి తెచ్చే వీలుంది. తెచ్చాను. ఆ సాయంత్రం సునీత స్టాఫ్‌రూమ్ గుమ్మంలోనే నిలబడి, "వద్దు మేడమ్, తీసేయండి. మళ్ళీ ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అంది. తర్వాత ఆ విద్యా సంవత్సరం అయ్యేదాకా ఆ పేజీలో తను రాసింది "థాంక్యూ మేడమ్" మాత్రమే.

పిల్లలు కలిసి నేర్చుకోవాలంటే, రాసింది ఎవరూ తీసేయరన్న ధైర్యం ముందు ఉండాలి. అది నా చేతిలో లేదని నాకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున మా పాప హోంవర్క్ కాగితం చిరిగేలా రబ్బరుతో రుద్దుతోంది. దాని తమ్ముడు పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

"రుద్దకండిరా. గీత కొట్టి పక్కన రాయండి," అన్నాను ఇద్దరితో.

"మిస్ తిడతారమ్మా."

"తిడతారు. అయినా చెరపకండి."