చెరువుగట్టు మీద పసుపు కవర్లు

నిన్న పేపరులో మా అక్క బిడ్డ ఫోటో పడింది. యూనివర్సిటీలో వాళ్ల నానో పరిశోధన బృందం నువ్వుగింజంత చిప్పు తయారుచేసిందని, నీళ్లలో పత్తిమందు ఏ కొంచెం కలిసినా అది పట్టేస్తుందని, దానికి పేటెంటు కూడా వచ్చిందని రాశారు. మొదటి పరీక్ష జనగామ జిల్లాలోని ఒక చెరువులో జరిగిందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ చెరువు బచ్చన్నపేట దగ్గర మా ఊరిదే. అక్కడ ఏం జరిగిందో పేపరువాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు, నేను చెబుతాను.

మహబూబాబాద్‌లో పెరిగిన ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతులు మహా కుదురు. చీమ కాలికి గజ్జె కట్టమన్నా కడుతుందని ఏడిపించేదాన్ని. చివరికి ఆ చదువుకు అదే పనికొచ్చింది. వాళ్లు చిప్పులు చేసే గదిలో దుమ్ము పడకూడదట, తెల్ల వెలుతురు పడకూడదట, అన్నీ పసుపు దీపాలేనట. "నా పెండ్లిల గూడ గంత పసుపు చూడలే" అంటే పడీపడీ నవ్వింది. రెండేళ్ల కిందట, పత్తికి మందులు కొట్టే రోజుల్లో, కాటారం నుంచి వచ్చిన తోటి విద్యార్థితో కలిసి మా ఇంట్లో దిగింది. చిప్పు మీది పూత ఎండకు పాడవుతుందని, అలవాటు కొద్దీ వాళ్ల గదిలో వాడే పసుపు కవర్లలోనే చుట్టి, ఆనవాలుకు ఎర్రదారం కట్టి, చెరువు చుట్టూ నీళ్లు తగిలేటట్టు కర్రలకు బిగించారు. పసుపు మూట, ఎర్రదారం, నీళ్ల ఒడ్డు! చూసేవాళ్లకు ఏమనిపిస్తుందో అంత చదివిన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి. ఆ చేపల మీద ఆశ పెట్టుకున్న ఇళ్లవాళ్లంతా చెరువు దగ్గరికి ఉరికొచ్చారు, అందరికన్నా ముందు మా మరిది. "ఎవలో చేతబడి చేసిండ్రు" అని ఎవరో అన్నారు. మూటల దగ్గర వీళ్లిద్దరూ కనిపించారు. కాటారం అబ్బాయి తల మీద కర్ర పడింది, రక్తం చెవి మీదుగా కారి చొక్కా తడిసిపోయింది. పిల్లను జుట్టు పట్టి బురదలోకి ఈడ్చారు, కడుపులో తన్నారు. అయినా కవరులోంచి తీసి పిడికిట్లో పట్టుకున్న చిప్పును విడవలేదు. "అండ్ల ఏమున్నదే? చెయ్యి ఇప్పు!" అంటూ మా మరిది పార తిరగేసి ఆ చేతి మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. "మందు పట్టే మిషన్ కాకా గిది, కొట్టకు, సచ్చిపోత" అని అరిచింది. రెండో దెబ్బా అక్కడే పడింది. నేను ఆమె మీద బోర్లా పడుకున్నాను. నా వీపు మీద తన్నిన కాళ్లు ఎవరివో తెలుసు, పేర్లు రాయను. వాళ్లను ఇప్పటికీ క్షమించలేదు.

చిప్పులు మాత్రం పనిచేశాయి. మందు కొట్టి వచ్చి డ్రమ్ములు కడిగే రేవు దగ్గరే విషం ఎక్కువని తేల్చాయి. అక్కడ డ్రమ్ము కడగని ఇల్లు ఊళ్లో లేదు. దవాఖానలో ఆమె మణికట్టు అతికించారు కానీ వేళ్ల కుదురు తిరిగి రాలేదు. ఇప్పుడు చిప్పు చేసేది కాటారం అబ్బాయి, ఆమె పక్కన నిలబడి ఎట్లా చెయ్యాలో చెబుతుంది.

పోయిన నెల మా మరిది గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. "వదినె, బిడ్డను ఒక్కపారి రమ్మనరాదు, కాళ్లు మొక్కుత" అన్నాడు. ఫోన్ చేసి చెప్పాను. "సీసాల నీళ్లు పట్టి పంపు చిన్నమ్మ, చూసి చెప్తం. నేనైతే రాను" అంది, కోపం లేకుండానే. అప్పటినుంచి సీసా పట్టుకుని రేవుకు పోతున్నాను. ఆ పొద్దున కొట్టడమంతా బిందె నిండేంత సేపట్లో అయిపోయింది. మాకు మాత్రం అది ఇంకా అయిపోలేదు.